తుప్పు పట్టిన వంపు

అన్నయ్యా,

ఫోనులో అయితే నువ్వు మధ్యలో అరుస్తావని ఉత్తరం రాస్తున్నాను. మొత్తం చదివాకే తిట్టు.

నువ్వు ఊరెళ్తూ నాకు అప్పజెప్పిన కారుతో సోమవారం ఫుట్‌పాత్ అంచుని గుద్దాను. మలుపులో ఎడమ ముందు చక్రం రాయెక్కి దబ్బున దిగింది. నాకేం కాలేదు. నువ్వెలాగూ కారు గురించే అడుగుతావు కాబట్టి అదీ చెబుతాను.

మెకానిక్ బండిని పైకెత్తి, చక్రం విప్పి, ఒక్కొక్కటే తడిమి చూశాడు. రిమ్ము సొట్టపడింది, టైరు పక్కన బుడిపె లేచింది. ఆ రెండూ నా ఘనకార్యాలే. కానీ చక్రాన్ని లోపలి నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ కూడా వంగి ఉంది. ఆ వంపు నిండా తుప్పు.

"ఇది మీరు వంచింది కాదమ్మా. ఇంత తుప్పు పట్టాలంటే రెండేళ్ళైనా కావాలి" అన్నాడు.

రెండేళ్ళ కిందట ఆ కారు నడిపింది నువ్వొక్కడివే. "బండి ఎడమకి లాగుతుంది, దాని బుద్ధే అంత, స్టీరింగు కాస్త కుడికి పట్టుకో" అని నాకు డ్రైవింగ్ నేర్పిందీ నువ్వే. వదినకి ఇంకా చెప్పలేదులే. నువ్వు నా సొట్ట సంగతి ఎత్తకపోతే నేను నీ తుప్పు సంగతి ఎత్తను.

ఆర్మ్ మార్చారు. బండి ఇప్పుడు గీత గీసినట్టు తిన్నగా పోతోంది. నా చేతులే ఇంకా కుడికి పడుతున్నాయి.

అందుకే ఈ ఉత్తరం షెడ్డు బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. బండి బయటికి తీస్తుంటే గేటు దగ్గర సిమెంటు గట్టు తగిలింది. కుడి చక్రం విప్పుతున్నారు.

అచ్చం నువ్వు నేర్పినట్టే నడిపే
నీ చెల్లి