నా భర్త డ్యూటీకి వెళ్లారని నేను చెప్పిన అబద్ధం

వారసత్వ ధ్రువపత్రాల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: విచారణ నివేదికలో 'భర్త సజీవుడు' అని నమోదైన నా వాంగ్మూలమును రద్దుపరచి, ధ్రువపత్రం మంజూరు చేయుట గురించి.

1. లిఫ్టులు మరమ్మతు చేసే నా భర్త ఏడు నెలల క్రితం పనిచోటనే గుండెపోటుతో మరణించినారు. వీలునామా వ్రాయలేదు. ఆయన బ్యాంకు ఖాతాకు నామినీ లేరు. మాకు సంతానం లేదు. వారసులం ఇద్దరమే: నేను, మా అత్తగారు.

2. ధ్రువపత్రం తెస్తేనే డబ్బు ఇస్తామని బ్యాంకు వారు, అత్తగారు సమ్మతి తెలిపితేనే ధ్రువపత్రం ఇస్తామని తమ కార్యాలయం వారు సెలవిచ్చినారు. అత్తగారికి మతిమరుపు జబ్బు. కొడుకు పోయిన సంగతి ఆమె మనసులో నిలవదు. సమ్మతి కోసం ఆమెను తమ కార్యాలయానికి తీసుకురాగా, తమ గుమాస్తా "మీ అబ్బాయి చనిపోయారు కదమ్మా, ఆ డబ్బు..." అనగానే అప్పుడే విన్నట్టు కూలబడిపోయింది. "ఎప్పుడే? నాకెవరూ చెప్పలేదేం?" అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. రెండోసారి తీసుకువెళ్లినా ఇదే జరిగింది. ఒక తల్లికి కొడుకు ఎన్నిసార్లు చావాలి అయ్యా?

3. పదిహేను రోజుల క్రితం తమ విచారణాధికారి మా గదికి వచ్చి, అత్తగారి ఎదుటనే "మీ ఆయన ఎప్పుడు పోయారు?" అని అడిగినారు. ఆమె ముఖం పాలిపోవడం చూసి నోటికొచ్చింది చెప్పేశాను. "పోవడమేంటండీ, డ్యూటీకెళ్లారు. రేపొస్తారు."

"హమ్మయ్య, ప్రాణం లేచొచ్చింది" అని అత్తగారు నవ్వింది. విచారణాధికారి నవ్వలేదు, వ్రాసుకున్నారు. మెట్ల మీద వెంటపడి నిజం చెప్పాను. "రాసేశానమ్మా. కొట్టేస్తే నా ఉద్యోగం పోతుంది" అన్నారు.

4. అంతటితో దస్త్రం నిలిచిపోయినది. మరణ ధ్రువపత్రం చూపించాను. "పోయాడని మీ కాగితం, ఉన్నాడని మీ నోరు. దేన్ని నమ్మమంటారు?" అన్నారు గుమాస్తా.

5. అద్దె బాకీ పడినందున నెలాఖరుకు గది ఖాళీ చేయమని ఇంటి యజమాని తాఖీదు. నేను బ్యాగులు కుట్టి తెచ్చేది మందులకే చాలదు. ఈ గదిలోనైతే అత్తగారు గోడ తడుముకుంటూ స్నానాలగదికి వెళ్లగలదు. కొత్తచోట దారి తెలియక నిలబడిపోతుంది. "ఆవిణ్ణి ఎక్కడైనా చేర్చేసి నువ్వొచ్చెయ్" అంటాడు మా అన్నయ్య. నాకు చేతకాదు.

కావున, నేను చెప్పినది అబద్ధమని ఒప్పుకుంటున్నాను. శిక్ష ఏదైనా నాకే వేయండి. అత్తగారి జబ్బు గురించి డాక్టరు గారి పత్రం జతపరచినాను. అత్తగారి వాటా ఆమె పేరనే ఉంచండి, ముట్టను. ఆమెను మాత్రం మళ్లీ ఆ ప్రశ్న అడగవద్దని, నా వాటా త్వరగా ఇప్పించవలెనని, ఈ మనవి చిత్తగించి మా ఇద్దరినీ నిలబెట్టవలెనని వేడుకొనుచున్నాను.

తమ విధేయురాలు,
కీ.శే. లిఫ్టు మెకానిక్ గారి భార్య

తా.క.: ఈ అర్జీ వ్రాస్తుండగా అత్తగారు పక్కన వచ్చి కూర్చుంది. "వాడు లేడు కదూ?" అంది. నేను నోరు తెరిచేలోపే, "వద్దులే, చెప్పకు" అంది. మళ్లీ తనే, "నువ్వుంటావుగా?" అని అడిగింది. ఉంటానన్నాను. ఈ మాటైనా నిజం చెయ్యండి అయ్యా.