పేరు కొట్టించిన గ్లాసు

సూర్యాపేట, నవంబర్ 2009, ఆదివారం

పొద్దున దుప్పట్లు దులుపుతుంటే అక్క కూతురు సుజాత దిండు గలీబులోంచి వారం రోజుల మాత్రలు రాలాయి. హెచ్.ఐ.వి. ఉన్న పిల్ల, ఒక్కపూట కూడా మానకూడదని డాక్టర్ చెప్పాడు. కేకలేశాను.

"ఆ గ్లాసు సూస్తే గోలి మింగబుద్ధి అయితలేదు చిన్నమ్మా," అంది.

ఆ స్టీలు గ్లాసు మీద దాని పేరు కొట్టించింది నేనే. "నాకోసమే కొన్నవా!" అని ఆ రోజు ఎంత మురిసిందో. గ్లాసుతో అంటుకోదని డాక్టర్ చెప్పినా, మా పిల్లలు పొరపాటున అందులో తాగుతారేమోనని నా భయం. పద్నాలుగేళ్ల పిల్లకి అది అర్థం కాకుండా ఉంటుందా...

"నీ గ్లాసియ్యి, ఇప్పుడే ఏసుకుంట," అంది.

ఇచ్చాను. మింగింది.

తర్వాత నా గ్లాసును మూడోసారి తోముతూ తలెత్తితే, వంటింటి గడపలో నిలబడి చూస్తోంది.