ఆ కాగితం రాసిందెవరు?

మత్రా, 9 ఆగస్టు 1974, శుక్రవారం రాత్రి

అమెరికా అధ్యక్షుడు రాజీనామా చేశాడు. పొద్దున రూమ్‌లో ఖాదర్ భాయ్ రేడియోలో హిందీ వార్తలు విని మాకందరికీ చెప్పాడు. తన మనుషులు చేసిన దొంగపనిని ఆయన కప్పిపుచ్చాడట. అభిశంసన చేసి దింపేలోపు తానే దిగిపోయాడట.

పడుకుని ఉన్న రాజయ్య లేచి కూర్చున్నాడు. పోయిన నెల సైట్‌లో పరంజా విరిగి కింద పడ్డప్పటి నుంచి అతను కుడికాలు నేల మీద ఆనించలేడు.

"అబద్ధమాడినందుకు గంత పెద్దాయననే దింపిండ్రా?" అన్నాడు.

"ఆయన మాటలే టేపుల్ల దొరికినయ్. ఇంకేం చేస్తడు భాయ్?" అన్నాడు ఖాదర్.

రాజయ్య నా వైపు తిరిగాడు. "సారూ, నువ్వు ఆఫీసుల ఉంటవు గదా. వద్దన్నా వినకుండ నేనే పైకెక్కిన అని కాగితంల రాసిండ్రట. ఎవరు రాసిండ్రు?"

రాసింది నేనే. ఇంజనీరు పక్కన నిలబడి చెబుతుంటే ఇంగ్లీషులో టైపు చేశాను. ఎక్కమన్నది ఆయనే. పరంజా కర్రలు పుచ్చిపోయాయని మా ఇద్దరికీ తెలుసు. ఆ కాగితం చూపించే, తప్పు రాజయ్యదని తేల్చి, వచ్చే బుధవారం అతన్ని ఈ దేశం నుంచి ఇంటికి పంపేస్తున్నారు.

"నాకు తెలీదు రాజయ్యా" అన్నాను.

"పోనీ తియ్యి సారూ. నీకు తెలిస్తే చెప్పకపోతవా?" అన్నాడు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర అందరూ ఆ అధ్యక్షుణ్ణి తిట్టారు. నేనూ తిట్టాను, అందరికంటే గట్టిగా.