ట్యాంకుకు చింతపండు

కర్నూలు, 4–2–1944

నందికొట్కూరు వడ్రంగి లేవికి, యుద్ధ ప్రదర్శన గుమాస్తా శేషఫణి వ్రాయునది.

నువ్వు బస్సులో పంపిన చెక్క ట్యాంకు చేరింది. మూరెడు పొడుగుంది, చెక్కడం బాగుంది. కానీ ఒళ్ళంతా బురద, తుప్పు, మసి! సర్కారు ట్యాంకుకు తుప్పు పడుతుందా? కలెక్టరుగారు చూసే వస్తువును పంపే తీరు ఇదేనా?

ఇట్లు,
శేషఫణి

తా.క. మా బంట్రోతు బొజ్జన్నకు చింతపండిచ్చి తోమమన్నాను.

నందికొట్కూరు, 7–2–1944

అయ్యా శేషఫణిగారూ,

లేవి చేతులు జోడించి, పళ్ళు కొరుకుతూ రాస్తున్న జాబు. అది బస్సులో అంటిన బురద కాదు. తుమ్మబంకలో ఎర్రమట్టి కలిపి పదకొండు రోజులు నేను పూసిన బురద! తుప్పు ఇటుకపొడి. మసి మా ఇంటి దీపానిది. మా తమ్ముడు జ్ఞానరాజు బర్మా సరిహద్దులో అలాంటి బండే నడుపుతున్నాడు. "వానకు నాదీ బండిదీ ఒకటే రంగు అన్నా" అని రాశాడు. అలాగే చేశాను. మా అమ్మ రాహేలమ్మ "నా కొడుకు యాడ కూర్చుంటాడో చూడల్ల" అని బయలుదేరుతోంది. దయచేసి బొజ్జన్న చేయి ఆపండి.

విధేయుడు,
లేవి

తా.క. కుడివైపు గుంటలు తూటా దెబ్బలు. లప్పం పెట్టకండి.

కర్నూలు, 9–2–1944

లేవికి,

నీ జాబు అందేసరికి బొజ్జన్న తోమేశాడు. తుప్పుతోపాటు రంగూ పోయి చెక్క తేలింది. ఆఫీసు తలుపులకు తెచ్చిన పచ్చరంగు వేయించాను. ఇప్పుడు అందులో ముఖం చూసుకోవచ్చు. బురద పూయడం కూడా ఒక పనేనా? మా వీధి గేదెలు రోజూ చేస్తున్నాయి.

శేషఫణి

తా.క. లప్పం పెట్టించాను. బోసిగా ఉందని బొట్టుపెట్టి బంతిపూల దండ వేయించాను.

నందికొట్కూరు, 12–2–1944

అయ్యా,

మా అమ్మ పద్దెనిమిది మైళ్ళు ఎద్దులబండిలో మీ ఆఫీసుకు వచ్చింది. దండ చూసి, "దండేసినారంటే నా కొడుకు లేడు గదప్పా!" అని అక్కడే కూలబడింది. "అట్ల గాదు పెద్దమ్మా, బోసిగా ఉండాదని వేసినాము" అని బొజ్జన్న చెప్పేదాకా లేవలేదు. ఇంకా తమ్ముడి జాబు తలకింద పెట్టుకొని పడుకొంటోంది. ట్యాంకుకు బురద మళ్ళీ నేనే పూస్తాను. సోమవారం వస్తున్నాను.

లేవి

తా.క. బొజ్జన్న మా అమ్మకు చెంబెడు నీళ్ళిచ్చాడు. అతణ్ణి ఏమీ అనను. మీ సంగతి వేరు.

కర్నూలు, 16–2–1944

మహారాజశ్రీ లేవిగారికి, శేషఫణి అనేక నమస్కారములు.

సోమవారం తమరు మట్టిమూట విప్పగానే నేను భోజనానికి పారిపోయిన మాట నిజమే. తమరు బురద పూసి వెళ్ళాక మిలిటరీ దొర వచ్చాడు. ట్యాంకు చుట్టూ మూడుసార్లు తిరిగి, "భలే ఉంది! ఎవరి పని?" అన్నాడు. పక్కన కలెక్టరుగారు. నోరు జారి "నాదే దొరా" అన్నాను.

ఈరోజు ఉత్తర్వు వచ్చింది. శత్రువుల విమానాలను మోసగించడానికి సరిహద్దులో నిజం ట్యాంకులంత చెక్క ట్యాంకులు నిలబెడతారట. వాటికి బురద, తుప్పు పూయడానికి నేను వెళ్ళాలట. శనివారమే రైలు! ట్యాంకులు చెక్కవైనా పైనుంచి పడే బాంబులు నిజమైనవే కదా! తమరు వెంటనే వచ్చి "ఆ బురద నాది" అని దొరకు చెప్పాలి.

తమ పాదధూళి,
శేషఫణి

తా.క. నిజం చెప్పమని బొజ్జన్నను దొర దగ్గరికి పంపాను. ఆ దుర్మార్గుడు, "గుమాస్తయ్యే పూసినాడు దొరా, నేను కండ్లారా చూసినా" అని ప్రమాణం చేసి వచ్చాడు.