నా నుంచి శీనుకి

మంగళవారం, కొత్తవలస

రైలు డ్రైవరు ఉద్యోగానికి రాతపరీక్ష పాసైన మా శీను ఇవాళ కంటి పరీక్షలో తప్పాడు. వాడికి ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదట. తల్లి చూపు బాగానే ఉన్నా, ఈ లోపం ఆమె నుంచే కొడుక్కి రావచ్చని డాక్టరు చెప్పారు. మరి నాకెక్కడిది?

నాన్నకి ఫోన్ చేసి, పండుమిరప ఎలా పోల్చి కోస్తావని అడిగాను.

"తడిమితే తెలుస్తాదమ్మా. సూస్తే ఎవులికి తెలుస్తాది?" అన్నాడు. పాపం, అందరి కళ్లూ అంతే అనుకున్నాడు ఇన్నేళ్లూ.

"నువ్వేటి సేస్తావమ్మా, ఇంకో పని సూసుకుంటాను" అని శీను తలుపేసుకున్నాడు.

కూతురు స్వాతికిప్పుడు అయిదో నెల. దానికీ నా నుంచి వచ్చిందో, లేదో. ఇందాక ఫోన్ చేసి, "తమ్ముడి పరీక్ష ఏటయిందమ్మా?" అంది.

"ఇంకా ఏటీ తెలీదే" అన్నాను.