జాలీ దూలాలు

లామెక్ దీవి,
1997 మే 4, ఆదివారం

చిరంజీవి తమ్ముడు యులిస్‌ను అక్క జేలీ మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ మేమంతా క్షేమం, నాన్న మోకాళ్ళు తప్ప. నీ ఉత్తరం మంగళవారం అందింది. లాబ్రడార్ గనిలో మూడు వందల మందికి వండి పెడుతూ కూడా మా కొత్త ఇంటి గురించి అన్ని ప్రశ్నలు అడిగావంటే ముచ్చటేసింది. మీ బావ రోజేర్ ఎండ్రరొయ్యల బుట్టలు దించడానికి వేకువనే పడవెక్కుతున్నాడు. తిరిగి వచ్చాక ఫ్రికో కోడిపులుసు గిన్నె ముందే కునుకు తీస్తాడు. అందుకని ఇల్లు కట్టించే పనంతా నా నెత్తినే పడింది.

వంటింటి కిటికీ సముద్రం వైపే పెట్టిస్తున్నాను. ఈ వయసులో మేడ ఎందుకన్నావు. కిందంతా వలలే పరుచుకుంటాడు మీ బావ. నేను పడుకోవద్దూ? ఇక, జాలీ దూలాలు వేయిస్తానంటే "అగ్గిపుల్లల మీద ఇల్లు కడతావా? నిండు దూలాలకేమొచ్చింది?" అని వెక్కిరించావు. దానికి కాస్త వివరంగా చెప్పాలి.

పోయిన వారం కలప అడితికి వెళ్ళాను. అక్కడి ఫెరెయోల్ తెలుసుగా, నోరు ఊరుకోదు. "ఏం జేలమ్మా, పైపులు బిగించే చేత్తో దూలాలు కూడా ఎంచుతావా?" అన్నాడు.

"ఆ పైపులే దూరాలి మరి. చూపించవయ్యా," అన్నాను.

నిండు దూలం ఒకటి, జాలీ దూలం ఒకటి బల్లల మీద పక్కపక్కన పెట్టాడు. జాలీ దూలానికి పైనొక పట్టె, కిందొక పట్టె, మధ్యలో ఏటవాలుగా పుల్లలు. చూడ్డానికి పేలవంగానే ఉంది. ఫెరెయోల్ దాని మీదెక్కి గెంతాడు. వాడి బొజ్జ ఊగింది గానీ దూలం ఊగలేదు. ఆ సందుల్లోకి మోచేతి దాకా చెయ్యి పెట్టాను. మరుగుదొడ్డి పైపు వాలు చెడకుండా ఈ గోడ నుంచి ఆ గోడకు పోతుంది. కరెంటు తీగలూ అంతే. ఒక్క చిల్లు పెట్టక్కర్లేదు.

"ఒక్క మాట," అన్నాడు ఫెరెయోల్. "చివర్లు కొంచెం చెక్కుకోవచ్చు. మధ్యలో మాత్రం రంపం పెట్టావా, దూలం పని అయిపోయినట్టే. నిండు దూలమైనా అంతేననుకో. ఎవడో ఒక పైపుగాడు అడ్డంగా కోస్తాడు, మాట పడేది వడ్రంగి."

తమ్ముడూ, వాడేదో మామూలుగా అన్నాడు. నాకు మాత్రం అది సూటిగా తగిలింది. ఆర్డరు పెట్టకుండానే బండెక్కి వచ్చేశాను.

ఓదీల్ అత్త స్నానాల గది నేల కుంగింది నీ పనితనం లోపం వల్ల కాదు. నా వల్ల.

నువ్వు దూలాలు సరిగ్గానే వేశావు. పైపుల పని నాన్నదీ నాదీ; నాన్న వేరే పనికెళ్ళిన రోజు పైపుకు దూలం అడ్డొచ్చింది. చుట్టు తిప్పాలంటే ఇంకో పూట పని. రంపం తీసి సగానికి పైగా కోసేశాను. ఏడాది తిరక్కుండా నేల కుంగి, అత్త పడి మణికట్టు విరిగింది. అప్పుడు లాంతరు పట్టుకుని నేల కిందకు పాకింది నేనే. నేను కోసిన చోటు నా కళ్ళతో చూశాను. దాని పక్కనే కొత్త చెక్క బిగించి కప్పేశాను. పైకొచ్చి, "తమ్ముడు పుచ్చు చెక్క వేశాడు" అన్నాను. అందరి ముందూ నాన్న నిన్ను, "ఇంకెప్పుడూ చెక్క ముట్టుకోకు" అన్నాడు. నీకప్పుడు పందొమ్మిదేళ్ళు. ఆ చలికాలమే పనిముట్లు అమ్మేసి వెళ్ళిపోయావు.

ఆడపిల్ల చేతికి రెంచి ఏమిటని ఊరంతా నవ్వే రోజులవి. తప్పు ఒప్పుకుంటే ఆ పని నాకు మళ్ళీ దొరకదని భయపడ్డాను. ఇది సాకు కాదు, జరిగింది చెబుతున్నాను. ఇరవై రెండేళ్ళు నీ బతుకు మీద నిలబడి నా బతుకు కట్టుకున్నాను. క్షమించమని అడిగే మొహం నాకు లేదు. నిజం మాత్రం నీకు చేరాలి.

ఈ పొద్దున చర్చిలో పూజ అయ్యాక నాన్నకూ, ఓదీల్ అత్తకూ చెప్పేశాను. అత్త నన్ను నోటికొచ్చినట్టు తిట్టి, ఆఖర్న "ఇన్నేళ్ళలో వాడికి ఒక్క పండక్కి కూడా అన్నం పెట్టలేదే నేను" అని ఏడ్చింది. నాన్న టోపీ చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. ఎనభై నాలుగేళ్ళ మనిషి, ఏమవుతుందోనని భయమేసింది.

మధ్యాహ్నం తనంతట తనే కర్ర పొడుచుకుంటూ మా పునాది దగ్గరికి వచ్చాడు. జాలీ దూలాలే తెప్పిస్తున్నానని చెప్పాను. గోడ నుంచి గోడకు అడుగులు వేసి కొలిచాడు.

"దూలానికీ దూలానికీ ఎడం ఎంత పెడుతున్నావే?" అన్నాడు.

"పదహారు అంగుళాలు అనుకుంటున్నా. పందొమ్మిదైనా ఆగుతుందంటాడు ఫెరెయోల్. నువ్వేమంటావు నాన్నా?"

"నన్నడుగుతావేం? నేను పైపులోణ్ణి, నువ్వూ అంతే. యులిస్‌ను అడుగు. మన ఇంట్లో వడ్రంగి వాడు."

అందుకే అడుగుతున్నాను, తమ్ముడూ. పొడవు నలభై రెండు అడుగులు, వెడల్పు పద్దెనిమిది అడుగుల గది. దూలాలు పద్దెనిమిది అడుగుల వైపు పడతాయి. లోతు పన్నెండు అంగుళాలు. నన్నేమన్నా అను, ఉత్తరం చింపెయ్, కానీ ఎడం ఎంతో మాత్రం రాయి. నీ మాట వచ్చేదాకా ఆర్డరు పెట్టను.

ఇట్లు,
నీకు అపకారం చేసిన నీ అక్క,
జేలీ