అప్పల్రాజు బావ బస్సు

అక్టోబర్ 2, ఆదివారం
పేరు ఇచ్చీసాను. హాఫ్ మారథాన్. ఇరవయ్యొక్క కిలోమీటర్లు, డిసెంబర్లో, బీచ్ రోడ్డు మీద. ప్లాంటు కేంటీన్లో నోరుజారి "నానూ పరిగెడతాను" అన్నాను, షిఫ్టు షిఫ్టంతా చప్పట్లు కొట్టీసింది. ఇంక వెనక్కి పోడానికి లేదు. మా ఆవిడ సత్యవతి నా పొట్ట వైపు ఒక చూపు చూసింది. తిట్టినా బాగుండేది.

అక్టోబర్ 4
టౌన్‌షిప్‌లో మా సెక్టారు వాటర్ ట్యాంకు దాకానే పరిగెత్తాను. ఊపిరి అందలేదు. కుక్క కూడా మొరగడం మానీసి జాలిగా చూసింది.

అక్టోబర్ 19
మధ్యాహ్నం షిఫ్టు వారం. తెల్లారగట్లే లేచి పరుగు. ట్యాంకు దాటాను — ఆగకుండా. సైరన్ లేదు, ఫోర్‌మన్ లేడు, రమ్మన్నవాడు లేడు... నా అంతట నాను చేస్తన్న పని. ఎంత హాయిగా ఉందో.

నవంబర్ 6, ఆదివారం
పరువు పోయింది. ప్లాంటు గేటు దాకా పరిగెడదామని బయల్దేరాను. సగం దారిలో వెనక హారన్. పొద్దుటి షిఫ్టు బస్సు. డ్రైవర్ అప్పల్రాజు బావ నా పక్కనే బ్రేకు కొట్టి — "ఎక్కు బావా, లేటయిపోతావ్."
ఎక్కీసాను. ఇన్నేళ్ళ అలవాటు, కాళ్ళు నన్నడిగితే కదా. కిటికీ పక్కన నా సీట్లో కూచున్నాక చూసుకున్నాను — నిక్కరు, చెమట, చేతిలో కేరేజీ లేదు. ఇవాళ నాకు ఆఫ్. బస్సంతా ఒకటే నవ్వు. నిక్కరుతోనే ఆటోలో ఇంటికి. సత్యవతి కళ్ళు తుడుసుకుని మరీ నవ్వింది. కడాకి నానూ.

నవంబర్ 8
షిఫ్టులో నా పేరు మారింది. నిక్కరు బావ.

నవంబర్ 27, ఆదివారం
అదే రోడ్డు, అదే బస్సు.
"ఎక్కుతావేటి?"
"ఎక్కను బావా, నువ్వెల్లు."
ఎల్లలేదు. గేటు దాకా నా పక్కనే బస్సుని మెల్లగా నడకలా నడిపాడు. కిటికీల్లోంచి అందరూ కేరేజీలు వాయించీసారు. పరిగెడతానే ఏడుపొచ్చీసింది, సంతోషంతో. నా వల్ల వాళ్ళందరికీ లేటు పడుంటాది పాపం.

డిసెంబర్ 10, శనివారం
రేపే. అప్పల్రాజు బావ ఇంటికొచ్చి మరీ చెప్పాడు — పరిగెత్తలేక ఆగిపోయినోళ్ళని ఎక్కించుకోడానికి వెనకాల మా ప్లాంటు బస్సు ఒకటి వస్తాదంట. ఆ డ్యూటీ అతనికే పడిందంట.
"నీ సీటు ఉంచుతాన్లే బావా."
నవ్వాను గానీ భయమేసింది. ఆ దూరం ఎప్పుడూ పూర్తిగా పరిగెత్తలేదు. కాళ్ళు ఆగిపోయిన టైముకి ఆ హారన్ వినబడిందంటే... నా కాళ్ళ సంగతి నాకు తెలుసు. సత్యవతికి చెప్పాను. నా కాళ్ళకి నూనె రాస్తానే ఉంది.

డిసెంబర్ 11, ఆదివారం
బీచ్ రోడ్డు. ఇంకా తెల్లారలేదు. సముద్రం మీద పడవల దీపాలు. రెండు మాటలు రాసి ఈ పుస్తకం సత్యవతి సంచిలో పడేస్తాను.
జనం వెనకాల అప్పల్రాజు బావ బస్సు. చెప్పినట్టే కిటికీ పక్క సీటు మీద తువ్వాలు వేసి ఉంచాడు. సత్యవతి చూసింది. చరచరా బస్సెక్కి, తువ్వాలు తీసి బావ చేతిలో పెట్టి, ఆ సీట్లో తనే కూచుంది.
"ఇక్కడ ఖాళీ లేదండీ" అంది నాతో, కిటికీలోంచి.
పరుగుకి పిలుస్తన్నారు. పుస్తకం అందుకోడానికి సత్యవతి కిటికీలోంచి చెయ్యి చాపింది...